మొగులమ్మ నీళ్లు పోసుకున్నది

మా కంపెనీలో అన్నిటికంటే శుభ్రమైన గదికి తొమ్మిదేండ్లుగా తాళం వేసి ఉన్నది. బొల్లారంలో మందుబిళ్లలు చేసే కంపెనీలు చాలా ఉన్నయి, మాది అందులో ఒకటి. ఆ గది ప్యాకింగ్ షెడ్డు పక్కన కట్టిన ఆడవాళ్ల బాత్రూం. తెల్ల టైల్సు, నిలువెత్తు అద్దం, చేతులు పెడితే వేడిగాలి ఊదే మిషను. మా బిళ్లలు కొనే విదేశాల వాళ్లు ఏడాదికి రెండుసార్లు ఆడిట్‌కు వస్తరు. వాళ్లు చూసినప్పుడు గదిలో మరక ఉండొద్దు. మరక ఉండొద్దంటే మనుషులు పోవద్దు. కాబట్టి తాళం. తాళంచెవి మెయిన్ గేటు దగ్గర సెక్యూరిటీ జంగయ్య బెల్టుకు వేలాడుతుంటది.

షెడ్డులో పనిచేసే ముప్పై ఒక్కమంది ఆడవాళ్లకు వేరే బాత్రూం ఉన్నది. అది స్క్రాప్ యార్డు వెనుక, మురికినీళ్లు శుద్ధిచేసే ట్యాంకుల అవతల. పోయి రావడానికి పన్నెండు నిమిషాలు పడ్తది. కంపెనీ ఇచ్చే బ్రేకు పది నిమిషాలు. ఆ రెండు నిమిషాలు ఎక్కడినుంచి తేవాలో ఎవరికీ తెలియలేదు. చివరికి ఆడవాళ్లే ఒక ఉపాయం కనిపెట్టిండ్రు. నీళ్లు తాగుడు బంద్ చేసిండ్రు.

ఆ ముప్పై ఒక్కమందిలో మొగులమ్మ పెద్దది. యాభై ఆరేండ్లు. హత్నూర దిక్కు ఊరు. పెండ్లయిన కాడినుంచి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి మంది పొలాల్లో వరినాట్లు వేసింది. భర్త పోయి పదకొండేండ్లయింది. ఆ తర్వాత కూలిపని వెతుక్కుంటూ బొల్లారం వచ్చి, మా షెడ్డు కట్టేటప్పుడు సిమెంటు కలిపేందుకు నీళ్లు మోసింది. లేచిన గోడలకు పొద్దూమాపూ నీళ్లు కొట్టింది. షెడ్డు తయారైనంక కంట్రాక్టర్ ఆమెను అక్కడే ఉంచుకున్నడు. మేం వేసుకునే గ్లౌజులతో నీళ్ల క్యాను ముట్టొద్దని మా దగ్గర ఒక రూలు ఉన్నది. గ్లౌజులు తీసి మళ్లీ తొడిగితే టైం పోతది. అందుకని షెడ్డు బయట వరండాలో క్యాను పక్కన ఒక మనిషి నిలబడి అందరికీ గ్లాసుల్లో నీళ్లు పోయాలె. ఆ మనిషి మొగులమ్మ. పొద్దంతా మందికి నీళ్లు పోస్తది. తను మాత్రం ఒక్క గుక్క తాగదు.

ఇంకో పని కూడా ఆమెదే. ప్రతి శనివారం జంగయ్య వచ్చి ఆ ఆడిట్ బాత్రూం తాళం తీస్తడు. ఎవరూ వాడని గదిని మొగులమ్మ గంటసేపు కడుగుతది. అద్దం తుడుస్తది. ఆమె బయటికి రాంగనే జంగయ్య తాళం వేస్తడు. అప్పుడు మొగులమ్మ బకెట్ పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని, స్క్రాప్ యార్డు వెనుక బాత్రూంకు బయల్దేరుతది.

పోయిన దసరాకు ఆమెకు చలిజ్వరం, మూత్రంలో మంట. ఫిబ్రవరిలో మళ్లీ అదే. సంగారెడ్డిలో డాక్టర్ పరీక్షలు చేయించి, రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలె, లేకుంటే కిడ్నీల దాకా పోతదని చెప్పిండు. తాగినవి ఎక్కడ పోసిరావాలె సార్ అని ఆమె అడిగిందట. ఆయన తర్వాతి పేషెంటును పిలిచిండట. రెండుసార్లు నాగా చేసినందుకు కంట్రాక్టర్, మూడోసారి జ్వరమొస్తే ఇంకో మనిషిని చూసుకుంటనని ముందే చెప్పి పెట్టిండు. అంటే మొగులమ్మకు ఆ తాళం తెరుచుకుంటేనే కిడ్నీలు, కిడ్నీలుంటేనే నౌకరి. హెచ్చార్ మేనేజర్ కామేశ్వరరావును ఆమె నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ ఆయన ఎంతో మర్యాదగా ఒకటే జవాబు చెప్పిండు: "అది ఆడిట్ బాత్రూం అమ్మా."

కామేశ్వరరావు చెడ్డవాడు కాదు. వాళ్ల నాన్న తణుకు దిక్కునుంచి వచ్చి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో చేసిండు. ఈయన ఆ ఫ్యాక్టరీ క్వార్టర్లలోనే పెరిగిండు. ఎవరినీ తిట్టడు. చేతిలో ఫారం ఉంటే చాలు, దాని వెనుక మనిషి ఉన్నా లేకున్నా ఆయనకు ఒకటే.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరినయి. షెడ్డులో ఇద్దరు కళ్లు తిరిగి పడ్డరు, ఇద్దరూ ఆడవాళ్లే. ఆ వారమే ముంబైలోని హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. కార్మికులకు నీళ్లు తాగే అలవాటు నేర్పాలె, దానికి ప్రతి ప్లాంటు సొంతంగా ఒక చిన్న యాప్ తయారుచేయాలె, అది అందరూ కలిసి ఆడే ఆటలాగా ఉండాలె, చేసేది కూడా కార్మికుడే కావాలె. పటాన్‌చెరులో పాతసామాను దుకాణంలో కొన్న పుస్తకాలు చూసి నేను ఫోన్‌లో చిన్నచిన్న యాప్‌లు చేస్తుంటనని ఎవరో చెప్పిండ్రట. లేబుల్ మిషను దగ్గర నిలబడ్డ నన్ను కామేశ్వరరావు ఆఫీసుకు పిలిపించిండు.

ఆడవాళ్లు తాగకపోవడానికి కారణం అలవాటు కాదు, జంగయ్య బెల్టుకున్న తాళంచెవి అని నేను చెప్పిన. ఆయన ఓపిగ్గా విన్నడు.

"అది ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ శ్రావణ్," అన్నడు. "మనం చేసేది బిహేవియర్."

పది రోజుల్లో యాప్ చేసిన. పేరు జలమిత్ర. పేరు కామేశ్వరరావుది. నీళ్లు తాగినప్పుడల్లా ఒక గుండ్రటి బటన్ నొక్కాలె. నొక్కితే స్క్రీన్ మీద ఒక మొక్కకు ఆకు మొలుస్తది. మన పేరు అందరికీ కనిపిస్తది, వాళ్లు చప్పట్లు కొట్టొచ్చు. రెండు గంటలు తాగకపోతే పక్కవాళ్లు మనల్ని తట్టొచ్చు. షెడ్డులోకి ఫోన్లు తేనివ్వరు కాబట్టి వరండాలో క్యాను పక్కన ఒక ట్యాబ్ పెట్టి, అందులో అందరి ఫొటోలు ఎక్కించిన. తాగినవాళ్లు తమ ఫొటో మీద వేలు పెడితే చాలు. షెడ్డు ముందర పెద్ద టీవీ ఒకటి ఉన్నది. అప్పటిదాకా అందులో భద్రత గురించి నినాదాలు వచ్చేవి. దానికి కూడా యాప్ కలిపిన.

బటన్ మీద నేను రాసిన మాట "నీళ్లు తాగిన". మొదటి రోజే జంగయ్య గేటు దగ్గర కూర్చొని ఫోన్‌లో అరవై రెండుసార్లు నొక్కిండు. ఆయన మొక్క చెట్టయి, చెట్టు స్క్రీన్ దాటిపోయి, యాప్ ఆగిపోయింది. కామేశ్వరరావుకు దిగులు పట్టుకున్నది. మందుల కంపెనీలో కండ్లకు కనిపించింది మాత్రమే రాయాలె, రాసింది మాత్రమే జరిగినట్టు. తాగడమనేది గొంతు లోపల జరిగే పని, దానికి ఆధారం ఎక్కడిదని ఆయన వాదన. గ్లాసులో నీళ్లు పోసుకోవడం మాత్రం బయట జరుగుతది, పక్కనున్న ఎవరైనా సాక్ష్యం చెప్పొచ్చు. కాబట్టి తాగిన అనే మాట తీసేసి పోసుకున్న అని మార్చాలన్నడు. నేను మార్చి, ఒక కాగితం మీద తెలుగు ఒక వరుసలో, ఇంగ్లీషు ఒక వరుసలో టైపుచేసి సంతకానికి పంపిన. ఆయన ఇంగ్లీషు వరుస చదివి సంతకం పెట్టిండు.

మా ఇంట్లో నేను, మా నాయిన. మేం పోసుకునేవి గ్లాసులోనే. ఆ మాటకు ఆడవాళ్ల నోట్లో ఇంకో అర్థం ఉన్నదని నేను ఎక్కడో చదివే ఉంట. చదివింది అవసరమైనప్పుడు గుర్తుకు రాలేదు. పైగా మాటల ముందర అభినందనలు చేర్చిన. రంగురంగుల బెలూన్లు కూడా పెట్టిన.

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి కొత్త మాటతో టీవీ వెలిగింది. మొగులమ్మకు ట్యాబ్ ఎట్ల వాడాలో చూపించిన. నీళ్లు పోసినప్పుడల్లా ఫొటో మీద వేలు పెట్టాలె పెద్దమ్మా అన్న. మొదటి గ్లాసు లైనులో పనిచేసే పుష్పకు పోసింది. పుష్ప నోరు తెరిచి గటగటా రెండు గుక్కలు పోసుకున్నది. ఆమె చేతులకు గ్లౌజులు. మొగులమ్మ ట్యాబ్‌లో ఫొటోలన్నీ ఒకసారి చూసి తన ఫొటో మీద వేలు పెట్టింది. పోసేది నేనైతే నా ఫొటో గాక మరెవలిది ముట్టాలె అని ఆమె లెక్క. నేనింక చెప్పలేకపోయిన, టీవీ అప్పటికే చెప్పేసింది.

అభినందనలు! మొగులమ్మ నీళ్లు పోసుకున్నది. ఈరోజు ఇది మొదటిసారి.

పుష్ప బయటికే చదివింది. ఒకసారి చదివి, నమ్మక మళ్లీ చదివి, నవ్వలేక గోడకు చేరగిలబడ్డది. మొగులమ్మకు చదువు రాదు. ఏం రాసిందే అని అడిగింది. పుష్ప చెవిలో చెప్పింది. అంతలోనే ఇంకో నలుగురు వచ్చి నిలబడ్డరు, మొగులమ్మ నాలుగు గ్లాసులు పోసింది, బెలూన్లు నాలుగుసార్లు ఎగిరినయి. టీ వేళకు తొమ్మిదోసారి. సాయంత్రానికి నలభై ఒకటోసారి.

అదే రోజు జంగయ్య కూడా ఎప్పటిలాగా గేటు దగ్గర బటన్ నొక్కిండు. జంగయ్య నీళ్లు పోసుకున్నడని టీవీలో వచ్చింది. లారీ డ్రైవర్ల దాకా వార్త పోయింది. శ్రీమంతం ఎప్పుడు పెట్టుకుందాం జంగన్నా, గాజులు మేం తెస్తం అని ఆడవాళ్లు ఆయనను వారం దినాలు ఏడిపించిండ్రు.

ఎవరో టీవీని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టిండ్రు. పొద్దూకక ముందే అది హత్నూర చేరింది. మొగులమ్మ వదిన ఫోన్ చేసి, ముందు నవ్వి, తర్వాత నిజంగానే అనుమానమొచ్చి, ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మకు ఏమన్న మొక్కినవా అని అడిగిందట.

ఆ మాట తీసేయడానికి నాకు అర నిమిషం చాలు. కానీ ఒకసారి సంతకం పడ్డ మాట మార్చాలన్నా, గోడకు మేకు కొట్టాలన్నా మా దగ్గర మార్పు ఫారం నింపి ఏడుగురితో సంతకాలు పెట్టించాలె. పెద్దమనుషులు చూసి నవ్వుతరని నాలుగో సంతకం ఆయన ఫారం పక్కన పెట్టిండు. ఈలోగా శనివారం వచ్చింది. శనివారం సాయంత్రం రిపోర్టు దానంతట అదే హెడ్డాఫీసుకు పోతది. అట్ల పోయేటట్టు చేసింది కూడా నేనే.

సోమవారం ముంబై నుంచి మెయిల్ వచ్చింది. అక్కడ తెలుగు ఎవరికీ రాదు, రిపోర్టును కంప్యూటర్‌లో వేసి ఇంగ్లీషు చేసుకున్నరు. కంప్యూటర్‌కు ఆ మాట అర్థం నాకంటే బాగా తెలుసు. మెయిల్‌లో మూడు సంగతులున్నయి. ఏడు ప్లాంట్లలో మా యాప్‌కు మొదటి స్థానం వచ్చింది, కామేశ్వరరావు గురువారం ముంబై వచ్చి అందరికీ వివరించాలె. రెండోది, ఒకే ఉద్యోగిని ఐదు రోజుల్లో రెండు వందల పద్దెనిమిది సార్లు గర్భం దాల్చినట్టు ఉన్నది, ఈ సంఖ్యను ఒకసారి సరిచూడాలె. మూడోది, గర్భిణులకు పనిచేసే చోటినుంచి ముప్పై అడుగుల్లో, తాళం లేని బాత్రూం ఉండాలన్నది కంపెనీ నియమం. అది అమలవుతున్నదని రెండు రోజుల్లో రాసి పంపాలె.

సంఖ్య చూసి వాళ్లు నవ్వలేదు. సరిచూడమన్నరు అంతే. నేను చదివిన పుస్తకాల్లో ఇటువంటి వాళ్లకు చివరికి బుద్ధి వస్తది. బయట వాళ్లకు ప్రమోషన్ వస్తది.

కామేశ్వరరావు నన్ను పిలిచి, ఏడు సంతకాలూ ఒక్క నిమిషంలో తెప్పించి ఫారం చేతిలో పెట్టిండు. వెంటనే ఆ మాట తీసేయమన్నడు. నేను వరండాకు పోయి ట్యాబ్ చేతిలోకి తీసుకున్న. ఏం చేస్తున్నవు బిడ్డా అని మొగులమ్మ అడిగింది. నీ పరువు తీసిన మాట తీసేస్తున్న పెద్దమ్మా, నన్ను మాఫ్ చేయి అన్న. మెయిల్ సంగతి మొత్తం చెప్పిన. చెప్పకుండా ఉండలేకపోయిన.

మొగులమ్మ మిగతాదంతా వదిలిపెట్టి ఒక్కటి పట్టుకున్నది.

"ముప్పై అడుగులా?"

ఆడిట్ బాత్రూం దిక్కు చూసింది. తొమ్మిదేండ్లు శనివారం శనివారం బకెట్ మోసిన తోవ, అడుగులు ఆమెకు తెలుసు.

"జెర ఆగు. తీయకు," అన్నది.

ఏప్రాన్ విప్పి క్యాను మీద వేసి ఆఫీసు దిక్కు నడిచింది. పుష్పను వెంట రమ్మన్నది. చదువు వచ్చినోడివి నువ్వు గూడ రా అంటే నేను కూడా పోయిన.

కామేశ్వరరావు ఆమెను కుర్చీలో కూర్చోమన్నడు. ఆమె కూర్చోలేదు.

"సారూ, నేను నీళ్లు పోసుకున్ననని మీ టీవీ సెప్పవట్టె. ఊరంత ఎరుకైంది. గిప్పుడు నా సంగతేంది?"

ఆయన చెవులు ఎర్రబడ్డయి. అది పొరపాటమ్మా, సాఫ్ట్‌వేర్‌లో మాట తప్పుపడింది, ఇప్పుడే తీయిస్తున్నాం అన్నడు.

"తప్పా? అయితే నేను పోసిన నీళ్లు గూడ తప్పేనా?"

"నీళ్లు కరెక్టేనమ్మా. మాటే తప్పు."

"ఆ మాట మీద మీ దస్కత్ ఉన్నదట గదా."

కామేశ్వరరావు నా దిక్కు చూసిండు. నేను గోడమీదున్న క్యాలెండర్ దిక్కు చూసిన.

"తప్పయితే తప్పని బొంబాయికి రాయుండ్రి," అన్నది మొగులమ్మ. "నేను సంతకం పెట్టింది తప్పు, పంపిన లెక్క తప్పు, గురువారం నేను రాను అని రాయుండ్రి. నాకేం బాధ లేదు. తప్పు కాదంటరా, గట్లనే రాయుండ్రి. గట్లయితే కడుపుతోని ఉన్నదాన్ని స్క్రాప్ దిక్కు ఎట్ల నడిపిస్తరు? ఇరవై రెండడుగుల్ల బాత్రూం ఉన్నది. తాళం తీయుండ్రి."

"నీకు యాభై ఆరేళ్లమ్మా."

"టీవీకి సెప్పుండ్రి."

కామేశ్వరరావు బల్ల మీదున్న బాటిల్ తీసుకొని సగం తాగిండు. తాగి, అలవాటు ప్రకారం ఫోన్ తీసి బటన్ నొక్కిండు. కిటికీలోంచి షెడ్డు ముందరి టీవీ కనిపిస్తున్నది. అభినందనలు, కామేశ్వరరావు నీళ్లు పోసుకున్నడు. పుష్ప ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఆయన కూడా ఆ బెలూన్లను చూసిండు. గురువారం ముంబై, ఏడు ప్లాంట్ల ముందర వివరణ, విమానం టికెట్టు అన్నీ ఆ కిటికీలో కనిపించినయేమో నాకు తెలియదు. చివరికి కీబోర్డు దగ్గరికి లాక్కొని హెడ్డాఫీసుకు రెండు లైన్లు కొట్టిండు. సంఖ్య పరిశీలనలో ఉన్నది. ఇరవై రెండు అడుగుల్లో బాత్రూం ఉన్నది, తాళం లేదు.

రాసినంక అది నిజం చేయాలె గదా. జంగయ్యను పిలిచి తాళం తీయమన్నడు.

కానీ ఆయన ఆయనే. ఆడిట్ వాళ్లు అడిగితే చూపించడానికి తలుపుకు ఒక బోర్డు పెట్టించిండు: గర్భిణులకు మాత్రమే. గర్భిణి ఎవరో తేల్చడానికి ఆధారం కావాలె. ఆధారం జలమిత్ర. టీవీలో పేరు వచ్చినవాళ్లు మాత్రమే లోపలికి పోవాలె. జంగయ్య తలుపు దగ్గర రిజిస్టర్ పట్టుకొని కూర్చోవాలె. దాంతో ఆ మాటను యాప్‌లోంచి తీసే ముచ్చటే లేకుండపోయింది. ఏడు సంతకాల ఫారం ఇప్పటికీ నా దగ్గర మడత పెట్టి ఉన్నది.

తెల్లారి మొగులమ్మ మొదటి గ్లాసు ఎవరికీ పోయలేదు. తనకు పోసుకున్నది. నిలబడి తాగింది. ఇంకోటి పోసుకొని తాగింది. మూడోది సగం తాగి, చాలాకాలంగా తాగని మనిషి కదా, పొలమారి దగ్గింది. వీపు రుద్దబోయిన పుష్పను పక్కకు జరిపి మిగతా సగం కూడా తాగింది. తన ఫొటో మీద వేలు పెట్టింది. బెలూన్లు ఎగిరినయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ గ్లాసులు పట్టుకొని వరుసలో నిలబడ్డరు, ఎవరి ఫొటో మీద వాళ్లు మోచేత్తో నొక్కిండ్రు. పదకొండు గంటలకు ముప్పై ఒక్కమంది నీళ్లు పోసుకున్నరు. క్యాన్లు అయిపోయి మళ్లీ తెప్పించవలసి వచ్చింది.

గంట తర్వాత మొగులమ్మ బకెట్ లేకుండా ఆ ఇరవై రెండు అడుగులు నడిచింది. తలుపు దగ్గర జంగయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డడు. రిజిస్టర్‌లో పేరు రాసిండు. పక్క గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఎన్నో నెల అని ఉన్నది అక్కా. ఏం రాయాలె?"

"నెలలు గాదు. తొమ్మిదేండ్లని రాయి," అని ఆమె లోపలికి పోయింది.

గడి చిన్నది. తొమ్మిది మాత్రమే పట్టింది.

కాబట్టి కంపెనీ కాగితాల ప్రకారం మొగులమ్మకు ఏప్రిల్ నుంచీ తొమ్మిదో నెలే. ఇప్పుడు ఆగస్టు. జ్వరం మళ్లీ రాలేదు. సంగారెడ్డి డాక్టర్ కొత్త రిపోర్టులు చూసి, మూడు లీటర్లు తాగుతున్నవన్నమాట అన్నడట. ఏడు ప్లాంట్లలో జలమిత్రను పెట్టిండ్రు. కామేశ్వరరావుకు ఒక షీల్డు వచ్చింది, నాకు సర్టిఫికెట్. నా పేరును అందులో శ్రవణకుమారి అని కొట్టిండ్రు.

మొగులమ్మకు మాత్రం కొత్త పరేషాన్ మొదలైంది. ఆ గదిని ఇన్నేండ్లు ఉత్తగనే కడిగేది, ఇప్పుడు ముప్పై ఒక్కమంది వాడే గదిని నిజంగా కడగాలె. శనివారం ఒక్కరోజు చాలదు, రోజూ కడగాలె. నడుం పట్టుకుపోతున్నది. నిన్న మళ్లీ ఏప్రాన్ విప్పి క్యాను మీద వేసి ఆఫీసుకు పోయింది. ఈసారి కుర్చీలో కూర్చున్నది.

"సారూ," అన్నది. "తొమ్మిదో నెల మనిషిని ఒంగి తుడవమనుడు మీకు న్యాయమేనా? ఇంకో మనిషిని పెట్టుండ్రి."

కామేశ్వరరావు మార్పు ఫారం కోసం సొరుగు తెరిచిండు.